అది బుద్ధి కాదండి, ఆకలి

మా మంత్రసాని పోయింది. ఆ కబురు సోమవారం పొద్దున చేపలబుట్టతో పాటు మా పెరటి గుమ్మంలోకి వచ్చింది. ఆవిడ మేనకోడలు బుట్ట దించుకుని, పరిగెలు సన్నగా ఉన్నాయి గాని తాజావేనని చెప్పి, అదే గొంతుతో, "మా అత్త శుక్రవారం పోయిందండి" అంది. నాలుగు రోజుల జ్వరమట. కొల్లేరు పొంగి లంక చుట్టూ నీళ్లు కమ్మేశాయి. దోనెలో పడుకోబెట్టి ఏలూరు ఆసుపత్రికి చేరుద్దామంటే మూడు రోజులు గాలి ఒప్పుకోలేదు. గాలి తగ్గేసరికి ఆవిడ లేదు.

వింటూనే మా అత్తగారు, మరి చిన్నకోడలికి పురుడెవరు పోస్తారని అడిగారు. మా తోడికోడలికి ఇప్పుడు ఆరో నెల. మజ్జిగ తోడుకోసం గిన్నె పట్టుకుని వచ్చిన ఎదురింటావిడ, "ఎవరూ, ఆ చేతివాసి లేని మనిషేనా?" అంది. మేనకోడలు తల వంచుకుని పరిగెలు కుప్పలు పోస్తూ ఉండిపోయింది. నాకు ఒళ్లు మండిపోయింది. అయినా ఏమీ అనలేదు. ఏడేళ్ల కిందట ఇదే మాట మొదటిసారి విన్నప్పుడూ నేను ఏమీ అనలేదు. ఆ రెండుసార్లు మింగిన మాటలన్నీ ఇవాళ కాగితం మీద పెడుతున్నాను. చదివేవాళ్లకు కోపంగా కనిపిస్తే కనిపించనివ్వండి, అది కోపమే.

ఆవిడ అని రాస్తున్నాను గాని, బతికుండగా మా వీధిలో ఎవరూ ఆవిడ అనలేదు. అది అనే అన్నాం. నేనూ అన్నాను. మా అత్తవారి ఊరు కొల్లేటి ఒడ్డున ఉంది. ఆవిడ పుట్టింది, మెట్టింది, ముండమోసింది అక్కడికి గంట దోనె ప్రయాణంలో ఉన్న లంకలో. ఊళ్లో ఏ ఇంట్లో నొప్పులు మొదలైనా ఆవిడకు మనిషి వెళ్లేవాడు. వానలో, ఎండలో, తామర తీగలు అడ్డం పడే దారిలో ఆవిడ దోనె తోసుకుంటూ వచ్చేది. పురిటిగదిలోకి అందరికంటే ముందు రమ్మనేవాళ్లం. పని అయిపోగానే పెరట్లోకి పొమ్మనేవాళ్లం. రోటి పక్కన ఆకు వేస్తే అక్కడే తినేది, పైనుంచి నీళ్లు పోస్తే దోసిలి పట్టి తాగేది. మా ఊళ్లో ముప్పయ్యేళ్లలోపు వాళ్లలో సగంమందిని ఈ లోకంలో మొదట ముట్టుకున్నవి ఆ చేతులే. ఆ చేతులకు వంటింటి గుమ్మం తాకే అర్హత లేకపోయింది.

పొట్టి మనిషి. ఎండకు కమిలిన ముఖం, నుదుటిన పెద్ద పచ్చబొట్టు. గోళ్లు ఎప్పుడూ మొదలంటా కత్తిరించుకుని ఉండేవి. గదిలోకి వెళ్లేముందు కుంకుడు రసంతో మోచేతుల దాకా రెండుసార్లు కడుక్కునేది, మూడోసారి వేణ్నీళ్లు పోయించుకునేది. వేణ్నీళ్లకు ఆలస్యమైతే పోట్లాడేది. నోరు కొంచెం దురుసే, ఆ మాట మాత్రం నిజం. కడుపుతో ఉన్న మనిషి కనబడితే కులాసాగా ఉన్నారా అని అడిగేది కాదు. "పొద్దున ఏం తిన్నారండి?" అని అడిగేది. చెప్పింది విని, ఇంకా అని అడిగేది. ఇంకేమీ లేదంటే, ఆ ఇంటి పెద్దావిడ ఎక్కడుందా అని అటూ ఇటూ చూసేది.

నేను పెంటపాడు పిల్లను. నాకు ఊహ తెలియకముందే అమ్మ పోయింది. తొలి కాన్పు పుట్టింట్లో జరగాలన్నది మా వాళ్ల ఆనవాయితీ. పుట్టింట్లో చూసే ఆడదిక్కు లేక నా పురుడు అత్తవారింట్లోనే అనుకున్నారు. మా ఇల్లు లేనిది కాదు. అది ధాన్యం ధర పడిపోయిన ఏడు. అమ్మితే కూలి కూడా రాదని మామగారు అమ్మడం మానేశారు. గాదెలు రెండూ నిండి, మిగిలింది సావిట్లో గడ్డితాళ్లు చుట్టి పురి కట్టి ఉంచారు. అన్నం తినడానికి వెళ్తే ఆ పురి చుట్టూ తిరిగి వెళ్లాలి. తినడానికి తాడేపల్లిగూడెం మిల్లులో పట్టించిన బియ్యం, మల్లెపూవులాంటి తెలుపు. దంపుడు బియ్యం మానేసి మరబియ్యం తింటున్నామని చుట్టాలతో గొప్పగా చెప్పుకునేవాళ్లం.

అలాంటి ఇంట్లో నాకు అయిదో నెల రాగానే తిండి కోసేశారు. కడుపు నిండా తింటే బిడ్డకు చోటు చాలదన్నారు. బిడ్డ పెరిగితే కాన్పు కష్టమన్నారు. పొద్దున పిడికెడు మెతుకుల్లో చారు, రాత్రికి అంతకంటే తక్కువ. చేప వేడి, గుడ్డు వేడి, పప్పు వాతం, పెరుగు నెమ్ము. శనివారం చిన్నతిరుపతి స్వామికి ఇల్లంతా ఉపవాసం, నేనూ అందులో ఉన్నాను. ఆ ఏడు మా గేదె కూడా చూడితో ఉంది. దానికి పూటకు కుంచెడు తవుడు, తెలకపిండి, ఉడకబెట్టిన ఉలవలు. తవుడు మా బియ్యంలోంచి తీసిందే. వంటింటి కిటికీలోంచి గేదె కుడితి తాగుతుంటే చూసి నేను గుటకలు మింగిన రోజులున్నాయి. రాయడానికి సిగ్గుగానే ఉంది. సిగ్గు నాది కాదని తెలిశాక రాస్తున్నాను.

మా అత్తగారు చెడ్డమనిషి అని మీరు అనుకుంటే నేను రాయడం చేతకానిదాన్ని అవుతాను. ఆవిడకు ఒక్కగానొక్క కూతురు ఉండేది. కడుపుతో పుట్టింటికి వచ్చిన ఆ పిల్లకు అడిగినవీ అడగనివీ వండి పెట్టారట. బిడ్డ అడ్డం తిరిగి, రెండు రోజులు నొప్పులు పడి, తల్లీ బిడ్డా పోయారు. ఎవరో పరామర్శకు వచ్చినావిడ, మరీ అంత పెట్టకుండా ఉండాల్సిందమ్మా అనేసి వెళ్లింది. ఆ ఒక్క ముక్క మా అత్తగారి లోపల దిగబడిపోయింది. కూతుర్ని పెట్టి చంపానని, కోడల్ని పెట్టకుండా బతికించుకుంటానని ఆవిడ లెక్క. నా ముందు కంచం తీసేసి, ఆవిడ చాటుగా స్వామికి దణ్ణం పెట్టుకోవడం నేను చూశాను. భయం అది. భయం మీద కోప్పడటం కష్టం. ఆ మాట అనేసి ఇంటికి వెళ్లి సుఖంగా నిద్రపోయిన ఆ పరామర్శ మనిషి మీద మాత్రం నాకు ఇప్పటికీ కోపమే.

బిడ్డ మొదట్లో కదిలాడు. ఆరో నెలలో చేప తోక ఆడించినట్టు ఎడమవైపు తగిలేవాడు. ఏడో నెల వచ్చేసరికి తగ్గాడు. రోజుకు రెండుసార్లు, ఒకసారి. నేను భయపడి చెబితే మా అత్తగారి ముఖం విప్పారింది. ఎంత బుద్ధిమంతుడో చూడమన్నారు. గంతులు వేస్తే పోకిరి అవుతాడట, కదలకుండా కూచుంటే పెద్ద చదువులు చదువుతాడట. ఎదురింటావిడ వచ్చి చెయ్యివేసి చూసి, మునిలా ఉన్నాడంది. వీధి వీధంతా నా కడుపులోని నెమ్మదితనాన్ని మెచ్చుకుంది. వాళ్లు మెచ్చుకుంటుంటే నాకూ గర్వంగా ఉండేది. పద్దెనిమిదేళ్ల పిల్లను, అంతమంది పెద్దవాళ్లు అబద్ధం చెబుతారని అనుకోలేదు.

నీరసంగా ఉన్నానని మావారు ఏలూరు నుంచి బలంమందు తెచ్చారు. ఎర్రటి సీసా, లోపల ఎర్రటి నీళ్లు. పూటకు ఒక చెంచా. అదే వారంలో మంత్రసాని మరో ఇంటికి వచ్చి, పోతూ పోతూ మా పెరట్లోకి తొంగిచూసింది. పొద్దున ఏం తిన్నారండి అని అడిగింది. సీసా చూపించాను. మూత తీసి వాసన చూసి, ఎందుకండి ఇది అంది. ఆకలి పుట్టడానికట అన్నాను.

"ఆకలి పుట్టించి కూడు పెట్టరా అండి?" అంది ఆవిడ.

తర్వాత రోటి పక్కన నన్ను కూచోబెట్టి కడుపు మీద చెయ్యి ఆనించింది. చాలాసేపు అలాగే ఉంది. కళ్లు మూసుకుంది. అప్పుడే మా అత్తగారు వచ్చి, చూశావా మా మనవడు ఎంత బుద్ధిమంతుడో అన్నారు. ఆవిడ చెయ్యి తియ్యకుండానే చెప్పింది.

"అది బుద్ధి కాదండి, ఆకలి. తల్లి తింటే బిడ్డ ఆడతదండి. తల్లి పస్తుంటే బిడ్డ కాళ్లు ముడుచుకుని పడుకుంటాడు. మీ గేదెకున్న పాటి తిండి ఈ పిల్లకి లేదండి."

మా అత్తగారికి కోపం వచ్చింది. లంకలో చేపలు పట్టుకునే మనిషివి నువ్వా నాకు చెప్పేదని గట్టిగానే అన్నారు. నొప్పులొస్తే కబురు పెడతాం, అప్పుడు రా అన్నారు. ఆవిడ లేచి చీర కుచ్చెళ్లు దులుపుకుని వెళ్లిపోయింది. వెళ్లేముందు నావైపు తిరిగి, అడిగి తినండమ్మా అని మెల్లిగా చెప్పింది. నేను అడగలేదు. కోడళ్లు అడిగి తినడం మా ఇంట్లో లేదు.

తొమ్మిదో నెలలో బిడ్డ కదలడం మానేశాడు. మూడు రోజులు నేను లోపల లోపల చచ్చిపోతూ, బుద్ధిమంతుడు, బుద్ధిమంతుడు అనుకుంటూ గడిపాను. నాలుగో రోజు నొప్పులొచ్చాయి, అప్పుడు ఆవిడకు కబురు వెళ్లింది. ఆవిడ వచ్చి చెయ్యి పెట్టగానే ముఖం తిప్పేసుకుంది. బిడ్డ పుట్టాడు. ఏడవలేదు. పిల్లిపిల్ల అంత ఉన్నాడు. నన్ను కాపాడటానికి ఆవిడ ఆ రోజంతా పడ్డ పాట్లు నాకు తెలుసు. రక్తం ఆగేదాకా నా పొట్ట మీంచి చెయ్యి తియ్యలేదు. తనకు పోసిన గంజి తాగకుండా నాకే చెంచాతో పట్టించింది. నేను ఈ నాలుగు ముక్కలు రాయడానికి బతికి ఉన్నానంటే అది ఆ గంజి.

ఆవిడ పెరట్లో చేతులు కడుక్కుంటుండగా, మా అత్తగారు వీధి అరుగు మీద చేరిన ఆడవాళ్లతో అన్నారు: "దాని చేతికి వాసి లేదు. బుద్ధిమంతుడైన బిడ్డ, దాని చెయ్యి పడగానే పోయాడు."

గదిలో నులకమంచం మీద ఉన్న నాకు ఆ మాట స్పష్టంగా వినపడింది. పెరట్లో ఉన్న ఆవిడకూ వినపడి ఉంటుంది, నీళ్ల చప్పుడు ఆగిపోయింది. నేను గొంతు ఎత్తి, కాదు అత్తయ్యగారూ, ముందే మూడు రోజుల నుంచి కదలడం లేదు అని ఒక్కమాట అనాల్సింది. గోడ అవతలికి వినపడేంత ఓపిక నాకు ఉంది. నేను గోడవైపు తిరిగి పడుకున్నాను.

ఆ మాట వీధి దాటింది, ఊరు దాటింది. కలిదిండి దాకా పాకిందని తర్వాత విన్నాను. ఆవిడకు కబుర్లు వెళ్లడం ఆగిపోయింది. ముప్పయ్యేళ్లు పిల్లల్ని పట్టిన మనిషి లంకలో ఎండుచేపలు ఎండబెట్టుకుంటూ, బుట్ట నెత్తిన పెట్టుకుని ఊరూరా తిరుగుతూ బతికింది. ఏ ఇంటి పిల్లలకు బొడ్డు కోసిందో ఆ ఇళ్ల పెరటి గుమ్మాల్లోనే నిలబడి, పరిగెలు కావాలాండి అని అడిగింది. ఒక్కరైనా కూచోమన్నారని నేను వినలేదు.

రెండేళ్లకు నాకు మళ్లీ నెల తప్పింది. అయిదో నెలలో కంచంలో అన్నం మళ్లీ తగ్గింది. ఆ వారంలోనే ఆవిడ బుట్టతో పెరట్లోకి వచ్చింది. అది మామూలుగా మా వీధికి వచ్చే రోజు కాదు. ఎవరు చెప్పారో తెలియదు, నేను అడగలేదు. మా అత్తగారు ఎదురింటికి వెళ్లి ఉన్నారు. నేను ఆవిడ ముఖం చూడలేక తల వంచుకుని నిలబడ్డాను. ఆవిడ ఆ పాత మాట ఎత్తలేదు. పొద్దున ఏం తిన్నారండి అని అడిగింది. నేను ఏడ్చాను. ఏడుపు అయిపోయేదాకా ఆగి, మీ ఇంట్లో వామనగుంటల పీట ఉందాండి అని అడిగింది.

కడుపుతో ఉన్న ఆడపిల్లలు మధ్యాహ్నాలు వామనగుంటలు ఆడుకోవడం మామూలే, ఎవరూ ఏమీ అనరు. మా అటక మీద ఆడపడుచుది పాత పీట ఒకటి ఉంది. అటు ఏడు గుంటలు, ఇటు ఏడు గుంటలు. మంత్రసాని ఆటకు కాకుండా వేరే పనికి దాన్ని వాడటం నేర్పింది. మీవైపు ఏడు గుంటలు వారంలో ఏడు రోజులు అనుకోండి అంది. మధ్యాహ్నం తిన్నాక ఎడమపక్కకు ఒత్తిగిలి పడుకోవాలి. బిడ్డ కదిలిన ప్రతిసారీ ఆ రోజు గుంటలో ఒక చింతగింజ వెయ్యాలి. పది పడితే ఆ రోజుకు చాలు, లేచి పని చూసుకోవచ్చు. రెండు పూటలు తిన్నాక కూడా గింజలు పడకపోతే ఆగొద్దండి, సిగ్గుపడొద్దండి, బండి కట్టించి ఏలూరు ఆసుపత్రికి పొమ్మంది. బుట్ట అడుగున ఆకులో చుట్టి తెచ్చిన కొర్రమీను పులుసు, గట్టి అన్నం నా చేతికిచ్చి, గడ్డివామి చాటున కూచుని తినమంది. గాదెల్లో ధాన్యం ముక్కిపోతున్న ఇంటి కోడలు, లంకలో పూరిపాక ఇంటి అన్నం గడ్డివామి చాటున తింది. అప్పుడు ఎంత రుచిగా ఉందో, ఇప్పుడు తలుచుకుంటే అంత మంటగా ఉంది.

వారానికి రెండుసార్లు ఆవిడ వచ్చేది. ఆ రెండు రోజుల గుంటల్లో గింజలు గబగబా నిండేవి. నేను పడుకుని గుప్పిట్లో గింజలు తీసుకునేలోగానే లోపల తన్నులు మొదలయ్యేవి. మిగతా రోజుల్లో నాలుగు, అయిదు. శనివారం గుంటలో ఏమీ ఉండేది కాదు, ఎప్పుడైనా ఒకటి. ఏడు గుంటలూ వరసగా చూస్తే మా ఇంటి వంటసంగతి మొత్తం తెలిసిపోయేది. ఆదివారం పీట తిరగేసి, సోమవారం మళ్లీ మొదలుపెట్టేదాన్ని.

ఒక ఆదివారం నేను తిరగేసేలోగా మా అత్తగారు పీట ముందు కూచున్నారు. కూతురు ఆడుకున్న పీట కదా, చేత్తో నిమిరారు. తర్వాత, ఇదేం ఆటే, గింజలు ఇలా ఉన్నాయేం అన్నారు. అబద్ధం చెప్పాలని నోరు తెరిచాను గాని, గుంటలు నన్ను చెప్పనివ్వలేదు. నిజం చెప్పేశాను, గడ్డివామి చాటున తిన్న సంగతితో సహా. ఇక నా బతుకు అయిపోయిందనుకున్నాను. ఆవిడ అరవలేదు. శనివారం గుంటలో వేలు పెట్టి కాసేపు తడిమారు. ఈసారి అది వస్తే నాకు చెప్పు అన్నారు.

మంగళవారం ఆవిడ బుట్టతో వచ్చేసరికి మా అత్తగారు పెరట్లో పీట వేసుకుని కూచుని ఉన్నారు. ఎవరికీ భయపడే మనిషి కాదు గాని, ఆ రోజు మంత్రసాని ముఖంలో రంగు లేదు. దొంగతనంగా తిండి పెట్టావటగా అన్నారు మా అత్తగారు. పెట్టానండి అంది ఆవిడ. ఎందుకు పెట్టావు అంటే, బిడ్డకు ఆకలేస్తందండి అంది. శనివారం స్వామి ఉపవాసం కూడా నీకు లెక్కలేదా అంటే, స్వామికి మొక్కుకున్నది మీరు, కడుపులో బిడ్డ మొక్కుకోలేదు గదండి అంది. గేదె మెడలో గంట మోగుతూ ఉంది.

అప్పుడు ఆవిడ బుట్ట పక్కకు జరిపి అంది: "నా చేతికి వాసి లేదన్నారు గదండి. మీ చెయ్యే పెట్టి చూడండి. ఇప్పుడొకసారి చూడండి, తిన్నాక ఒకసారి చూడండి."

మా అత్తగారు నన్ను సావిట్లో ధాన్యపు పురి పక్కన చాప మీద పడుకోబెట్టి చెయ్యి వేశారు. నేను పొద్దున్నుంచి ఏమీ తినలేదు. లోపల ఏ కదలికా లేదు. ఆవిడ చెయ్యి బరువుగా, చల్లగా ఉంది. తర్వాత తనే లేచి వెళ్లి అన్నం కలుపుకొచ్చారు. పప్పు, మునగాకు, నెయ్యి, పైన బెల్లం ముక్క. చిన్నపిల్లకు పెట్టినట్టు ముద్దలు చేసి నా నోట్లో పెట్టారు. పెళ్లయి వచ్చాక నేను ఆ ఇంట్లో కడుపు నిండా తిన్నది ఆ రోజే. తిని పడుకున్నాక, మళ్లీ చెయ్యి వేశారు. మంత్రసాని గుమ్మం అవతల, వసారాలో నిలబడి చూస్తోంది. సావిట్లోకి రమ్మని అప్పుడు కూడా ఎవరూ అనలేదు.

కాసేపటికి తన్ను తగిలింది. తర్వాత ఇంకోటి, తర్వాత ఆగకుండా. మా అత్తగారు చెయ్యి వెనక్కి లాక్కుని, మళ్లీ పెట్టి, అలా పెట్టే ఉంచారు. చాలాసేపటికి గుమ్మంవైపు చూడకుండానే, "మరి మా పిల్ల? దాన్ని నేనే పెట్టి చంపుకోలేదుటే?" అన్నారు.

"లేదండి. బిడ్డ అడ్డం తిరిగిందండి, దానికి తిండేం చేస్తదండి? రెండ్రోజులు ఆ నొప్పులు తట్టుకుందంటే మీరు పెట్టిన కూడేనండి అది" అంది గుమ్మం అవతలి నుంచి ఆవిడ.

ఆ రోజు నుంచి నాకు పూటకు కంచం నిండా అన్నం. శనివారం అత్తగారు ఉపవాసమే, నాకు మాత్రం ముందు వడ్డించేవారు. నెలలు నిండాక పిల్ల పుట్టింది. పుడుతూనే కాలు ఝాడించి మంత్రసాని మోచేతిని తన్నింది. ఆవిడ నవ్వి, అబ్బ, ఇది తిన్న పిల్లండి అంది. నేను ఆవిడ నవ్వగా చూసింది అదొక్కసారే.

కథ ఇక్కడితో సుఖంగా ముగించేసి, ఆవిడ ఆత్మకు శాంతి కలగాలని రాసేస్తే సరిపోతుంది. కాని జరిగింది అది కాదు. పురుడు బాగా జరిగిందని వీధి అంతా వచ్చి చూసింది. చిన్నతిరుపతి మొక్కు ఫలించిందని మా అత్తగారు చెప్పారు. పిల్ల జాతకం మంచిదని మామగారు చెప్పారు. ఎర్రసీసా మందు పనిచేసిందని మావారు చెప్పారు. వాసి లేదన్న చేతి గురించి ఎవరూ ఏమీ చెప్పలేదు. ఆవిడ పెరట్లో ఆకులో తిని, కొత్త చీర ఒకటి తీసుకుని, దోనె ఎక్కి వెళ్లిపోయింది. మా ఇంట్లో మాత్రం ఆవిడ మాట చెల్లింది. వీధి అరుగు మీద అన్న మాట వీధి అరుగు మీదే వెనక్కి తీసుకోవాలి. మా అత్తగారు తీసుకోలేదు. నేను తీసుకొమ్మని అడగలేదు. తర్వాత చెప్పొచ్చులే అనుకుంటూ అయిదేళ్లు గడిపాను. ఈ అయిదేళ్లలో మా వీధిలో మూడు ఇళ్లలో, కదలని బుద్ధిమంతుల్ని మెచ్చుకుని మెచ్చుకుని పోగొట్టుకున్నారు. అందులో ఒక ఇంట్లో తల్లి కూడా పోయింది. ఆ ఇళ్లవాళ్లు ఆవిడను పిలవలేదు. చేతివాసి లేదు కదా, ఎందుకు పిలుస్తారు?

అది మేం చేసిన పని. కొల్లేరు పొంగడం వల్ల ఆవిడ పోయి ఉండొచ్చు. ఆవిడ చెయ్యి అందక పోయిన పిల్లలు మాత్రం మా నోటివల్ల పోయారు.

రాయడం నిన్న రాత్రికి పూర్తయింది. ఇవాళ మధ్యాహ్నం మా అత్తగారు వీధి అరుగు మీద వత్తులు చేసుకుంటుంటే వెళ్లి పక్కన కూచున్నాను. మీకు చదివి వినిపించకుండా పత్రికకు పంపనండి అన్నాను. చదవమన్నారు. మెల్లిగా, ఆవిడకు మాత్రమే వినపడేలా మొదలుపెట్టాను. ఎదురింటావిడ తన అరుగు మీద బియ్యం ఏరుకుంటోంది. కబురు వచ్చిన పొద్దు దాకా చదివాను, నా తొలి కాన్పు దాకా చదివాను. చేతివాసి మాట దగ్గరికి వచ్చేసరికి కాగితం ఒళ్లోకి దించాను. మా అత్తగారు వత్తి చెయ్యడం ఆపారు.

"ఆ మాటన్నది నేనని రాశావా?" అన్నారు.

రాశానండి అన్నాను. ఈ అరుగు మీదే అన్నానని రాశావా అంటే, అదీ రాశానన్నాను. ఆవిడ ఎదురింటివైపు చూశారు. వీధి చాలా సన్నగా ఉంటుంది మాది, రెండు బండ్లు పక్కపక్కన పట్టవు.

"మొదట్నుంచి చదువు. గట్టిగా చదువు. ఎదురింట్లోకి వినపడాలి" అన్నారు.

మొదట్నుంచి చదివాను. గట్టిగానే చదివాను. ఇంత గొంతు నాకు ఏడేళ్ల కిందట కూడా ఉందన్న సంగతి చదువుతున్నంతసేపూ నన్ను వదల్లేదు. ఎదురింటావిడ చేట కింద పెట్టింది. దారినపోయే ఇద్దరు ముగ్గురు ఆగారు. వెనక సావిట్లో మా తోడికోడలు అప్పుడే భోజనం చేసి, ఎడమపక్కకు ఒత్తిగిలి పడుకుని ఉంది. ఇవాళ శనివారం. నేను ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడల్లా, ఆమె తలాపున ఉన్న వామనగుంటల పీటలో, శనివారం గుంటలో, చింతగింజ పడుతున్న చప్పుడు వినిపించింది.